పాత క్యాసెట్టులోంచి నటుడి గొంతు తీయాలంటే

మా మేనమామ పద్యనాటకాల మనిషి, కావలి చుట్టుపక్కల తిరునాళ్ళలో హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. గొంతు ఆపరేషన్ అయ్యాక మాట గాలిగా వస్తోంది. ఆ పాత గొంతును వాయిస్ క్లోనింగ్‌తో, అంటే ఏఐతో గొంతుకు నకలు తీసి, మళ్ళీ వినిపించాలని మూడు నెలలు తంటాలు పడ్డాను. మీకు అంత టైమ్ పట్టకూడదని ఇది రాస్తున్నా.

ముందు అనుమతి. మామను అడిగితే "నా గొంతుతో ఏం పలికిస్తావో ముందు నాకు చెప్పు, అంతే" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నా. నటుడు లేకపోతే కుటుంబాన్ని అడగాలి. మన బాలు గారి గొంతును ఏఐతో వాడారని 2024లో ఆయన కొడుకు చరణ్ ఒక సినిమా వాళ్ళకు లీగల్ నోటీసు పంపాడు. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పాడు. తేడా అక్కడే ఉంది.

ఇక సాఫ్ట్‌వేర్. ఎలెవెన్‌ల్యాబ్స్ లాంటి వాటికి ఒకటి రెండు నిమిషాల ఆడియో ఇస్తే చాలు, టైప్ చేసింది ఆ గొంతుతో చదువుతుంది. కానీ పద్యం టైప్ చేసి చూడండి, ఆకాశవాణి వార్తల్లా చదివేస్తుంది! రాగం ఎక్కడ తీయాలో దానికేం తెలుసు? అందుకే నాటకానికి ఆర్‌వీసీ (RVC) అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితమే. ఇందులో పాడేది మనమే, అది గొంతు మాత్రం మారుస్తుంది. పది నిమిషాల శుభ్రమైన ఆడియో ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

ఆ "శుభ్రమైన" దగ్గరే అసలు కష్టం. టేప్ రికార్డర్ హెడ్డును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు పెట్టి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేసుకోండి. నేను ఆ తర్వాత నేరుగా ట్రైనింగ్‌కు, అంటే ఆర్‌వీసీకి ఆ గొంతు నేర్పడానికి పోయి రెండు వారాలు పోగొట్టుకున్నా. వచ్చిన గొంతు మామదిలాగే ఉంది గానీ ఏదో బరువుగా, జలుబు చేసినట్టు ఉంది. చివరికి మామే పట్టుకున్నాడు, "నేను పాడేది నాలుగు శ్రుతిలో, ఇదేంది మూడులో ఉంది?" అని. టేప్ రికార్డర్ బెల్టు సాగి నెమ్మదిగా తిరుగుతోంది! నాలుగుకీ మూడుకీ మధ్య తేడా ఒక్క మెట్టే, అంటే ఆడాసిటీలో స్పీడు 6 శాతం పెంచితే సరిపోయింది. కాబట్టి టేపులోని హార్మోనియాన్ని దగ్గరున్న హార్మోనియంతో సరిచూసుకున్నాకే ముందుకు పోండి.

టేపులోంచి హార్మోనియాన్ని తీసేయడానికి అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. కానీ పద్యంలో హార్మోనియం గొంతు వెంటే, అవే స్వరాల మీద పోతుంది కాబట్టి పూర్తిగా విడిపోదు. ఎక్కువ భాగం వచనం నుంచి తీసుకోండి, అక్కడ వాద్యం ఆగుతుంది. అయితే ఒట్టి వచనంతో ట్రైన్ చేస్తే పై స్థాయిలో గొంతు చీలిపోతుంది, అందుకని పద్యాల్లోంచి కాస్త శుభ్రంగా ఉన్న ఎత్తుగడలు కొన్ని కలపాలి. చప్పట్లు, ఈలలు పడిన చోట్లు నిర్దాక్షిణ్యంగా కత్తిరించండి.

ట్రైనింగ్‌కు ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ అయితే మేలు, మా వీధిలో గేములాడే కుర్రాడి దగ్గర పని కానిచ్చా. ఎపోక్‌లు (ఆడియో మొత్తాన్ని అది ఎన్నిసార్లు చదువుకోవాలన్న లెక్క) ఎక్కువ పెడితే మంచిదనుకోవద్దు, ఒక హద్దు దాటాక గొంతు రేకు డబ్బాలా మోగుతుంది. మధ్యమధ్యలో సేవ్ చేసుకుని చెవితో విని ఎంచుకోండి. పాటలో శ్రుతిని పసిగట్టే పిచ్ పద్ధతి అడిగిన చోట ఆర్‌ఎంవీపీఈ (RMVPE) ఎంచుకోండి. ట్రైనింగ్ అయ్యాక వచ్చే మోడల్ ఫైలు ఎవరికీ ఇవ్వకండి, దానితో మామ గొంతులో డబ్బులడిగే ఫోను చేయడం ఎంతసేపు?

మొదట నేనే పాడాను. గొంతు మామది, పద్యం నాది, అంటే ఎట్టా ఉంటుందో ఊహించుకోండి. తర్వాత మామ దగ్గర నేర్చుకున్న శిష్యుడితో పాడించాం. మామ కళ్ళు మూసుకుని విన్నాడు. "మూడో పాదం మధ్యలో ఊపిరి తీశాడు, నేనక్కడ తీయను" అన్నాడు. ఆ పాదం ఒక్కటే మళ్ళీ పాడించి అతికించాం.