ఒప్పించే మాట – 3వ పాఠం: ఎదుటివారు నమ్మేదాని నుంచి మొదలుపెట్టండి

ఒప్పించడానికి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన మూడు ఆధారాల్లో ఒకటి, చెప్పేవారి మీద నమ్మకం, 1వ పాఠంలో చూశాం. వినేవారి మనసును కదిలించడం 2వ పాఠంలో అయింది. ఇక మిగిలింది తర్కం. తర్కమనగానే చాలామంది తమకు నచ్చిన కారణాలన్నీ ఏకరువు పెడతారు. అవి ఎంత సరైనవైనా, ఎదుటివారు ముందే ఒప్పుకున్న విషయంతో ముడిపడకపోతే చెవికెక్కవు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారినే తీసుకోండి. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. పంతులుగారు ఈ విషయం మీద రాజమండ్రిలో ఉపన్యసించింది 1879లో. అప్పటికి చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఊళ్లో పరిస్థితి మారలేదు. "చట్టం ఒప్పుకుంది కదా" అంటే ఆచారవంతులు వింటారా? వాళ్లకు ప్రమాణం శాస్త్రం, దొరల చట్టం కాదు. అందుకే ఆయన శాస్త్రాన్నే పట్టుకున్నారు. అంతకుముందు బెంగాలులో 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కూడా అదే దారి పట్టి, ధర్మశాస్త్ర గ్రంథమైన పరాశర స్మృతిలోని ఒక శ్లోకాన్ని ముందుకు తెచ్చారు. భర్త జాడ తెలియకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ ఐదు ఆపదల్లోనూ స్త్రీ మరొకరిని పెళ్లాడవచ్చని ఆ శ్లోకం చెబుతుంది.

ఆ వాదాన్ని విడదీసి చూద్దాం. కలియుగానికి పరాశర స్మృతే ప్రమాణం. ఆ స్మృతి భర్త పోయిన స్త్రీకి మళ్లీ పెళ్లి ఒప్పుకుంది. కాబట్టి ఈ యుగంలో అది ధర్మమే. మొదటి మాట సంప్రదాయవాదులు తాము చెప్పుకునేదే. దాన్ని కాదనలేరు కనుక రెండో మాట మీదే పోట్లాడాలి. అలాగే పోట్లాడారు కూడా: ఆ శ్లోకం పెళ్లి నిశ్చయమై ఇంకా జరగని అమ్మాయిల గురించేనన్నారు. అంటే చర్చ "మన ఆచారం ఇది" అనే దగ్గర ఆగకుండా "శ్లోకానికి అర్థమేమిటి" అనే దగ్గరికి వచ్చింది. నా దృష్టిలో సగం గెలుపు అక్కడే ఉంది.

మిగతా సగం తర్కం తెచ్చిపెట్టలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. వెలికి భయపడి వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. 1వ పాఠంలో చెప్పుకున్న నమ్మకం ఇలాంటి చోటే పుడుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. చెల్లెలికి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, నాన్న పంపనంటున్నారు. అన్నయ్య మొదట ఇలా అంటాడు: "ఈ రోజుల్లో అందరూ పంపిస్తున్నారు నాన్నా, మీరే ఇంకా పాతకాలంలో ఉన్నారు." ఇందులో నాన్న ఒప్పుకునే ముక్క ఒక్కటీ లేదు, పైగా నిందొకటి. ఆయన భయం చదువు గురించి కాదు, పిల్ల ఒంటరిగా ఉంటుందని.

అదే ఇలా అంటే: "చదువు మధ్యలో ఆపకూడదని మాకు చెప్పింది మీరే కదా నాన్నా. మీ దిగులు హాస్టల్ గురించేగా? అది క్యాంపస్ లోపలే ఉంది. రేపు ఆదివారం మీరే వచ్చి వార్డెన్‌తో మాట్లాడండి. చూశాక కూడా వద్దనిపిస్తే అప్పుడు మళ్లీ కూర్చుందాం." మొదటి వాక్యం నాన్నదే. రెండోది ఆయన దిగులును పేరు పెట్టి పలికింది. మూడోది, నాలుగోది కలిసి సందేహం తీర్చుకునే దారి చూపాయి. చివరిది నిర్ణయాన్ని ఆయన చేతిలోనే ఉంచింది.

ఒక్క హెచ్చరిక. ఎదుటివారి నమ్మకాన్ని వాడుకుంటున్నప్పుడు దాని అర్థాన్ని వంచకండి. నాన్న ఎన్నడూ అనని మాటను ఆయన మాటగా చెబితే, అది బయటపడిన క్షణంలోనే నమ్మకం పోతుంది. తర్వాత ఎంత మంచి కారణం చెప్పినా వినరు.

అభ్యాసం: ఇంట్లోనో ఆఫీసులోనో మీ మాట చెల్లని ఒక విషయం ఎంచుకోండి. ఎదుటివారు ఇప్పటికే ఒప్పుకునే వాక్యం ఒకటి, వాళ్ల అసలు అభ్యంతరం ఒకటి, ఈ రెంటినీ కలిపే మీ వాక్యం ఒకటి రాయండి. మొదటి వాక్యం దొరకకపోతే వాదన మొదలుపెట్టకుండా, ముందు వెళ్లి వాళ్లతో మాట్లాడి రండి. 4వ పాఠంలో ఆ మూడో వాక్యాన్ని పదును పెడదాం.