ఇంగ్లీషులో ‘లేట్’ని సరిగ్గా వాడడం ఎలా?

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. మీరు రాసిన వాక్యం, దాన్ని ఒకసారి పైకి చదివే ఓపిక. ‘ఆలస్యం, చివరి, దివంగత’ అని అర్థాలు బట్టీ పట్టొద్దు. అలా పట్టినవాళ్లే శుభలేఖల్లో బోల్తా పడతారు. మాట ఎక్కడ కూర్చుందో చూడండి, చాలు.

1. ‘ఈజ్’, ‘వాజ్’ తర్వాత వస్తే ఆలస్యం. ‘ది ట్రైన్ ఈజ్ లేట్’. అంతే.

2. కాలానికి ముందు వస్తే చివరి భాగం. ‘లేట్ 1990స్’ అంటే 1997, 98, 99 అలా. ‘లేట్లీ’కి ఈ అర్థాలేవీ లేవు, దానర్థం ‘ఈమధ్య’. ఆఫీసుకి ఆలస్యమైతే ‘ఐ కేమ్ లేట్లీ’ అనకండి.

3. మనిషికి ముందు వస్తే దాదాపు ఎప్పుడూ చనిపోయినవారే. ఇక్కడ తొందరపడొద్దు. ‘మై లేట్ ఫాదర్’ అంటే నాన్నగారు కాలం చేశారు. ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అంటే ఆయన ఇంకా రాలేదు, దారిలో ఉన్నారు. బతికున్న మాజీ సర్పంచిని ‘లేట్ సర్పంచ్’ అని రాశారంటే ఊళ్లో గొడవే, ‘ఫార్మర్’ (former, మాజీ) అనండి. చనిపోయి తరాలు గడిచినవాళ్లకీ వద్దు, ‘ది లేట్ శ్రీకృష్ణదేవరాయ’ అంటే నవ్వుతారు. ‘ది లేట్ ఎన్టీఆర్ 1983లో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు’ అన్న ధోరణి కూడా నాకు నచ్చదు. ఆయన పోయింది 1996లో. బతికుండగా చేసిన పనికి ‘లేట్’ తగిలించకూడదు.

ఇక శుభలేఖ. ‘సన్ ఆఫ్ లేట్ శ్రీ వెంకట్రావు అండ్ సుజాత’ అని రాస్తే హడావిడిగా చదివేవాళ్లు ఇద్దరూ పోయారనుకుంటారు. పెళ్లికొడుకు తల్లి పీటల పక్కనే ఉంటుంది పాపం! ఉన్నవారి పేరు ముందు పెట్టండి: ‘సన్ ఆఫ్ శ్రీమతి సుజాత అండ్ ది లేట్ శ్రీ వెంకట్రావు’. తండ్రి పేరే ముందుండాలని పెద్దవాళ్లు పట్టుబడతారు, వినకండి. తెలుగు కార్డులో ‘కీ.శే.’కీ ఇదే పద్ధతి.

ప్రూఫ్ వచ్చాక ముహూర్తం కంటే ముందు ఇదే చూడండి. డీటీపీ వాళ్లు చాలాసార్లు పాత కార్డు ఫైలు తెరిచి పేర్లు మాత్రం మారుస్తారు. పాత ఇంటివాళ్ల ‘లేట్’ మీ మామగారి పేరు ముందు అలాగే ఉండిపోతుంది.