దసరా నుంచి కార్తీకం దాకా: కారులో ఎటు, విమానంలో ఎటు

దసరా సెలవులు అయిపోయిన మరుసటి వారం నుంచి కార్తీక పౌర్ణమి దాటేదాకా, హైదరాబాదు వాళ్లకి ఊళ్లు తిరగడానికి ఇంతకన్నా మంచి రోజులు లేవని నా గట్టి నమ్మకం. నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా తెలంగాణ నుంచి వెళ్లిపోతాయి. వానలు ఆగుతాయి, వాగులు ఆగవు. చెరువులు నిండుగా, అడవి పచ్చగా ఉంటాయి, రోడ్డు మాత్రం పొడిగా ఉంటుంది. డిసెంబరులో చలి బాగుంటుంది గానీ అప్పటికి జలపాతాలు సన్నబడిపోతాయి.

నేను వనస్థలిపురంలో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం కాబట్టి నాకు దొరికేవి రెండో శనివారం, నాలుగో శనివారం, వాటి వెంట వచ్చే ఆదివారాలు. కారు నేనే నడుపుతాను. వెనక సీట్లో మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ, స్కూలుకెళ్లే ఇద్దరు పిల్లలు, పక్కన మావారు. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ దాదాపుగా రెండు పగళ్లు, ఒక రాత్రి లెక్కలో ఉంటాయి.

ముందు రెండు లెక్కలు

మొదటిది నీళ్ల లెక్క. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే ముందు నీళ్లు ఎక్కడున్నాయో చూడండి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. ఏ రోజు ఎంత ఉందో పేపర్లో వస్తూనే ఉంటుంది. శ్రీశైలం నిండి, పైనుంచి వరద ఇంకా వస్తోందంటే గేట్లు ఎత్తే అవకాశం ఉన్నట్టే. ఆ నీళ్లన్నీ వచ్చేది సాగర్‌కే. ఈ రెండు అంకెలు చూసి వారం ముందే ప్రయాణం పెట్టుకోవచ్చు.

దీనితోపాటే ఇంకో మాట. తెలంగాణలో వానలు ఆగే సమయానికి కోస్తాకి, రాయలసీమకి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. తుపానులు వచ్చేదీ అప్పుడే. విశాఖను హుద్‌హుద్ దెబ్బకొట్టింది 2014 అక్టోబరు 12న. అందుకని నేను అక్టోబరులో లోపలి జిల్లాలకు వెళ్తాను, తీరం వైపు ప్రయాణాలు నవంబరు రెండో సగానికి పెట్టుకుంటాను. అప్పుడు కూడా బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే ఆ వారం మానుకోండి. హోటల్ బుక్ చేసేటప్పుడే డబ్బు వాపసు ఇచ్చే గదిని ఎంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

రెండోది గంటల లెక్క. విమానంలో గంటా పావు ప్రయాణం అన్నారని అంతే అనుకోకూడదు. ఇంటి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరడం, రెండు గంటల ముందు ఉండడం, దిగాక సామాను తీసుకుని క్యాబ్ పట్టుకోవడం, అన్నీ కలిపితే ఐదారు గంటలు ఎటూ అవుతాయి. కాబట్టి రోడ్డు మీద ఆరు గంటల లోపు ఊరైతే కారే మేలు. ఎనిమిది గంటలు దాటితే విమానం. మధ్యలో ఉన్న హంపి, గండికోట లాంటివి మూడు రోజుల సెలవు దొరికినప్పుడే పెట్టుకోండి. రెండు రోజుల్లో ఇరికిస్తే ఊరు చూసిన తృప్తి ఉండదు, పైగా నడిపేవాళ్ల నడుం విరుగుతుంది.

శ్రీశైలం రోడ్డు

గుడి కోసం వెళ్లేవాళ్లకి గుడే గమ్యం. నాకు మాత్రం ఈ ప్రయాణంలో సగం ఆనందం రోడ్డే. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు మీదుగా డిండి, అక్కడి నుంచి మన్ననూరు, ఆ తర్వాత నల్లమల. మొత్తం సుమారు 215 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి అడవిలో ఉంటారు.

డిండి దాకా రోడ్డుకి రెండు పక్కలా గునుగు, తంగేడు కనిపిస్తూనే ఉంటాయి. బతుకమ్మ అయిపోయినా పూలు అయిపోవు. అక్కడక్కడ ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంటారు. గట్టిగా ఉన్న కాయలే తీసుకోండి గానీ, ఒక సంగతి చూడాలి. కాయ మీద కన్నులు విడివడి, వాటి మధ్య గీతలు తెల్లగానో లేత పసుపుగానో తేలి ఉండాలి. అలాంటివి రెండు మూడు రోజుల్లో ఇంట్లోనే చక్కగా మగ్గుతాయి. కన్నులు దగ్గరదగ్గరగా, మొత్తం ముదురాకుపచ్చగా ఉన్నవి పండవు, నల్లబడి ఎండిపోతాయి. మెత్తగా పండినవి కావాలంటే అక్కడే నిలబడి తినేయండి, కారులో పెడితే ఘాట్ మలుపులకి నలిగిపోతాయి.

అడవిలోకి వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, ఎంత బతిమాలినా వదలరు. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రిపూట రోడ్డు జంతువులది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఇంటి నుంచే స్టీలు బాటిళ్లలో నీళ్లు పెట్టుకోండి. పెట్రోలు అచ్చంపేట క్రాస్‌రోడ్డు దగ్గరే నింపుకోండి. లోపల ఫోన్ సిగ్నల్ నమ్మకంగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కోతులకి అరటిపళ్లు, బిస్కెట్లు విసరవద్దని మీ పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పండి. తిండి దొరుకుతుందని అవి రోడ్డు మీదే కూర్చోవడం నేర్చుకుంటాయి, వెనక నుంచి వచ్చే బండి కింద పడతాయి. చూడటానికి చాలా కష్టంగా ఉంటుంది.

పులుల సఫారీ వానాకాలం మూడు నెలలూ ఉండదు, అక్టోబరులో మళ్లీ మొదలవుతుంది. వటవర్లపల్లి దగ్గర పక్కకి తిరిగితే మల్లెలతీర్థం. కిందికి దిగడానికి దాదాపు 350 మెట్లు. మా అమ్మ పైనే చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అందుకే మడత కుర్చీ ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లంతా ఒకటి కొనుక్కోండి, ఈ సీజన్‌లో దానంత పనికొచ్చే సామాను లేదు.

కార్తీకంలో శని, ఆది, సోమవారాలు శ్రీశైలం వైపు పోకండి. సోమవారాలూ, పౌర్ణమీ జనసముద్రం. దర్శనం కావాలంటే మంగళవారం నుంచి గురువారం లోపు చూసుకోండి. ఆ నెలలో శనాదివారాలే ఖాళీ ఉన్నవాళ్లకి నేను చెప్పేది ములుగు.

ములుగు వైపు

మనవాళ్లకి విలువ తెలియకుండా ఉండిపోయిన దారి ఇది. హనుమకొండ దాకా నాలుగు లేన్ల రోడ్డు, అక్కడి నుంచి ములుగు మీదుగా పాలంపేట. రామప్ప గుడిని కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇసుక నింపిన పునాది, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం సంగతి చాలామంది వినే ఉంటారు.

నేను చెప్పాలనుకునేది అక్కడ ఎలా చూడాలో. గుడి తూర్పు ముఖం, అందుకని పొద్దున్నే వెళ్లాలి. దర్శనం చేసుకుని వెంటనే బయటపడకుండా, చూరు కింద నిలబడి తల పైకెత్తండి. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరుని మోస్తున్నట్టుండే మదనికలు, అంటే ఆడవాళ్ల బొమ్మలు మాత్రం నల్లరాయి, అద్దంలా నునుపు. ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులున్నాయి. మరో బొమ్మ దగ్గర, మెడలో హారం ఒంటి మీద పడేసే నీడను కూడా శిల్పి చెక్కాడు. గైడ్ టార్చి వేసి చూపిస్తాడు. ఆయనకి ఇచ్చే డబ్బు దండగ కాదు. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు ఆధారం చేసుకున్నది ఈ గోడల మీది భంగిమల్నే. పిల్లలకి అది చెప్పి, ఒక్కో భంగిమ నిలబడి చూపించమనండి. మా చిన్నది ఒక పూటంతా ఆ ఆటలోనే ఉంది.

గుడి పక్కనే రామప్ప చెరువు. మంచి వానలు పడిన ఏడాది మత్తడి (అలుగు) దుంకుతుంటే ఆ చప్పుడు దూరానికే వినపడుతుంది. మత్తడి మీద నడవకండి, నాచు పట్టి జారుతుంది. రాత్రికి లక్నవరంలో ఉండండి. చెరువు మధ్యలోని దీవికి వేలాడే వంతెన మీదుగా వెళ్తారు. దీవిలోని గదులు తక్కువ, కనీసం మూడు వారాల ముందు బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే హనుమకొండలో ఉండి తిరగండి, నష్టమేమీ లేదు. మూడో రోజు ఉంటే ఏటూరునాగారం దాటి, గోదావరి వంతెన మీదుగా వాజేడు దగ్గరి బొగత జలపాతానికి వెళ్లి రావచ్చు. రెండు రోజుల్లో మాత్రం దాన్ని ఇరికించకండి.

ఒక్క పూటలో అయ్యేవి, కాస్త దూరం పోయేవి

సాగర్‌కి రాత్రి బస అక్కర్లేదు. 150 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. లాంచీలో నాగార్జునకొండకి వెళ్లాలనుకుంటే శుక్రవారం వద్దు, ఆ రోజు మ్యూజియం సెలవు. డ్యామ్‌లో మునిగిపోకుండా ముందే తవ్వి తీసిన ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ అవశేషాలు చాలా ఆ దీవి మీద ఉన్నాయి. వచ్చేటప్పుడు ఎత్తిపోతల జలపాతం చూడండి. లాంచీ ఎక్కిన క్షణం నుంచి లైఫ్‌జాకెట్ తీయవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగి జరిగిన ఘోరం తర్వాత ఈ విషయంలో మొహమాటం పెట్టుకోకూడదు. జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి, అంతే. పాపికొండలు వెళ్లేవాళ్లకీ ఇదే మాట.

ఆదిలాబాద్ వైపు కుంటాల, పొచ్చెర జలపాతాలు బాగుంటాయి. 260 కిలోమీటర్ల పైనే అయినా 44వ నంబరు జాతీయ రహదారి కాబట్టి దూరం తెలియదు. అక్టోబరులోనే వెళ్లాలి. కుంటాల కింద గుండంలో దిగొద్దు, అక్కడ పోయిన ప్రాణాలు చాలా.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకైతే గండికోట నాకంటే దగ్గర. పెన్నా లోయ అంచున సూర్యోదయం, మధ్యాహ్నం ఎండకి బెలూం గుహలు, ఈ వరస మార్చకండి. గుహ పొడవు 3,229 మీటర్లు, అందులో చూడనిచ్చేది కొంతే. లోపల ఉక్కపోత ఉంటుంది, పెద్దవాళ్లకి ఇబ్బంది.

విమానంలో మూడు

అన్నిటికన్నా ముందు విశాఖ, అక్కడి నుంచి అరకు. శుక్రవారం రాత్రికి విశాఖ చేరండి, ఎందుకంటే అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి విమానం టికెట్టు కన్నా ముందు రైలు టికెట్టు తీసుకోండి. వెళ్లేటప్పుడు సొరంగాలన్నీ దాటుకుంటూ రైల్లో, వచ్చేటప్పుడు కారులో అనంతగిరి, బొర్రా గుహలు చూసుకుంటూ రండి. నవంబరు చివర్లో అరకు పొలాల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు పూస్తాయి. ఫొటో కోసం చేలో దిగేముందు రైతుని అడగండి, అది ఆయన నూనెగింజల పంట. అనంతగిరి కాఫీ తోటల్లో అప్పటికి కాయలు ఎర్రబడుతుంటాయి. సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ. లంబసింగి చలి కావాలంటే డిసెంబరు, జనవరి దాకా ఆగాల్సిందే.

రెండోది ఔరంగాబాద్, ఇప్పటి పేరు ఛత్రపతి శంభాజీనగర్. ఎల్లోరాకి మంగళవారం, అజంతాకి సోమవారం సెలవు. అందుకని శని, ఆదివారాలు సరిగ్గా సరిపోతాయి. ఎల్లోరా ఊరికి 30 కిలోమీటర్లు, అజంతా దాదాపు 100. మొదటి రోజు ఎల్లోరా పెట్టుకుని, 16వ గుహ కైలాసానికి పూట మొత్తం ఇవ్వండి.

మూడోది జగ్‌దల్‌పూర్. ఇక్కడికి విమానాల టైమింగులు మారుతుంటాయి, ముందు అవి చూసుకుని తర్వాతే సెలవు పెట్టండి. అక్కడి నుంచి 40 కిలోమీటర్లలో ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం. గుర్రపు నాడా ఆకారంలో నది మొత్తం ఒక్కసారిగా కిందికి దూకుతుంది. దంతేశ్వరి అమ్మవారికి జరిగే బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది, రావణ దహనం ఉండదు, పెద్ద చెక్క రథాన్ని లాగుతారు. దసరాకే వెళ్లగలిగితే అది చూడండి.

బయల్దేరే ముందు

జాతీయ రహదారుల మీద తరచూ తిరిగేవాళ్లు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి. 2025 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలకి 200 ట్రిప్పులు లేదా ఏడాది. హైదరాబాద్ ఔటర్‌కి అది పనిచేయదు, అక్కడ మామూలుగానే డబ్బు కట్ అవుతుంది. వానాకాలమంతా వాడిన వైపర్ బ్లేడ్లు అరిగిపోయి ఉంటాయి, మార్పించండి. ఈ నెలల్లో పొద్దునపూట అద్దం మీద మంచు పడుతుంది.

నవంబరులో సాయంత్రం ఐదున్నర దాటాక పొద్దు గుంకుతుంది. పల్లె రోడ్ల మీద చీకట్లో వడ్లు ఆరబోసిన కుప్పలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు కనపడవు, కోతల కాలం కదా. అందుకే ఆదివారం మధ్యాహ్నం భోజనం అవగానే తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. ములుగు నుంచైతే రెండింటికి బయల్దేరితే వెలుగుండగానే హనుమకొండ దాటేస్తారు, అక్కడి నుంచి నాలుగు లేన్ల రోడ్డే. దసరా సెలవులు ముగిసే ఆదివారం మాత్రం విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేటు వైపు నుంచి రావద్దు. ఆ ఒక్క రోజూ ఇంకో పూట ఆగి, సోమవారం తెల్లవారుజామున రండి.