పోస్ట్ మాయమైందా? ముందు ఎవరు తీశారో తేల్చుకోండి

నిన్నటిదాకా సోషల్ మీడియాలో కనిపించిన పోస్ట్ ఇవాళ లేదు. కోపంతో చాలామంది వెంటనే దాన్నే మళ్ళీ పెడతారు. దయచేసి అలా చేయకండి, ఒక్కోసారి అకౌంటే పోతుంది. లింకు, తేదీ, యాప్ కంపెనీ పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. తర్వాత విదేశంలో ఉన్న బంధువుకో స్నేహితుడికో ఆ లింకు పంపి, తెరుచుకుంటుందేమో అడగండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

సమస్య: ఎక్కడా తెరుచుకోవడం లేదు

కారణం: చాలావరకు కంపెనీయే తన నిబంధనల కింద తీసేసి ఉంటుంది.

పరిష్కారం: యాప్‌లోనే అప్పీల్ చేయండి. 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా కంపెనీ ప్రకటించాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. ఆ అధికారి జవాబు సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్ళొచ్చు. లాయరు అక్కర్లేదు.

సమస్య: డాలస్‌లో కనిపిస్తోంది, గుంటూరులో కనిపించడం లేదు

కారణం: మన ప్రభుత్వమో కోర్టో ఆదేశం ఇచ్చి ఉంటుంది. ప్రభుత్వానికి రెండు దారులున్నాయి. ఒకటి, నెట్‌లో ఉన్నదాన్ని ఆపేయమని ఆదేశించే ఐటీ చట్టం సెక్షన్ 69ఎ. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కొన్ని కారణాలకే దాన్ని వాడాలి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను ఆపింది దీని కిందే. రెండోది అదే చట్టంలోని సెక్షన్ 79(3)(బి). ఫలానా పోస్ట్ చట్టవిరుద్ధం, తీసేయమని అధికారి చెప్పినా కంపెనీ తీయకపోతే, జనం పెట్టే పోస్టులకు తను బాధ్యత వహించక్కర్లేదనే చట్టరక్షణ దానికి పోతుంది. ఈ నోటీసులు కేంద్ర హోంశాఖ నడిపే సహయోగ్ పోర్టల్ ద్వారా వెళ్తున్నాయి. దీని మీద ఎక్స్ (పాత ట్విట్టర్) వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అయితే 2025 నవంబరు 15 నుంచి, నోటీసు పోలీసుల తరఫున వస్తే ఆ అధికారి డీఐజీ హోదాకు తగ్గకూడదు. అందుకే నోటీసు కింద సంతకం ఎవరిదో చూడాలి.

కానీ ఆ కాగితం మన చేతికి రావడమే కష్టం. 69ఎ కోసం 2009లో చేసిన నియమాల్లో 16వది, అన్నీ రహస్యంగా ఉంచాలంటుంది. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. తప్పేమిటో చెప్పకపోతే మనిషి ఏమని సమాధానం చెప్పుకుంటాడు?

పరిష్కారం: ఏ సెక్షన్ కింద, ఏ కార్యాలయం, ఏ తేదీన అడిగిందో చెప్పమని కంపెనీకి మెయిల్ రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మెయిల్ రేపు సాక్ష్యం. ఆ తర్వాత మిగిలేది హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్, అంటే ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్. శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు 69ఎను నిలబెడుతూనే, కారణాలు రాతలో ఉండాలని, వాటిని రిట్‌లో ప్రశ్నించవచ్చని చెప్పింది. ముందు లాయరుకు ఆ మాట గుర్తుచేయండి.

సమస్య: పోస్ట్ గురించి స్టేషన్ నుంచి ఫోన్

కారణం: ఎవరో ఫిర్యాదు చేశారు.

పరిష్కారం: టెన్షన్‌లో ఫోన్‌లోనే ఏదో ఒప్పుకోకండి. రాతపూర్వక నోటీసు ఇమ్మని మర్యాదగా అడగండి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్ళాలి, లాయరుతో మాట్లాడి వెళ్ళండి. కాగితం మీద ఐటీ చట్టం 66ఎ అని ఉంటే, ఆ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసిందని రాసివ్వండి. తెలంగాణలో అయితే, సోషల్ మీడియా పోస్టులపై యాంత్రికంగా అరెస్టులు చేయకూడదని 2025 సెప్టెంబరులో హైకోర్టు మార్గదర్శకాలిచ్చింది.

సమస్య: ఊరంతా నెట్ లేదు

కారణం: టవర్ పాడైందో, ఆపేయమని ఆదేశం వచ్చిందో. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇలాగే ఆపారు.

పరిష్కారం: ఆదేశాన్ని ప్రచురించాల్సిందేనని అనురాధా భాసిన్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దాని కాపీ ఇమ్మని అడగండి. ఒక ఆదేశం 15 రోజులకు మించి చెల్లదు. ఈలోపు డబ్బు అవసరమైతే, యూపీఐ పిన్ ఉన్నవాళ్ళు బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి *99# కొట్టి చూడండి, దానికి డేటా అక్కర్లేదు.