మైక్రోకంట్రోలర్‌లో యూఎస్‌బీ: డబ్బు ఎక్కడ కట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్‌లాంటి చిప్) ఉన్న బోర్డులో యూఎస్‌బీ పెట్టాలనుకోగానే సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌కి ఎంతవుతుందో అని టెన్షన్ పడేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా: కీబోర్డు, సీరియల్ పోర్టు, పెన్‌డ్రైవ్‌లాంటి మామూలు పనులకైతే పైసా అక్కర్లేదు. టైనీయూఎస్‌బీ తీసుకోండి, చిప్ చేత యూఎస్‌బీ పని చేయించే రెడీమేడ్ కోడ్ అది, ఇలాంటి కోడ్‌నే స్టాక్ అంటారు. ఎంఐటీ లైసెన్సే కాబట్టి మీ కోడ్ బయటపెట్టక్కర్లేదు, వాళ్ల కాపీరైట్ నోటీసు మాత్రం ప్రొడక్టుతో పాటు ఇవ్వాలి. రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డుకి ప్రోగ్రాములు రాసే కిట్ (ఎస్‌డీకే)లో ఉన్నదీ ఇదే. యూఎస్‌బీ హార్డ్‌వేరే లేని చిన్న ఏవీఆర్ చిప్‌ల మీద నడిచే వి-యూఎస్‌బీ దగ్గర మాత్రం ఆగండి, అది జీపీఎల్ లైసెన్స్. ప్రొడక్టు అమ్మితే మీ సోర్స్ కూడా ఇవ్వాలి, ఇష్టం లేకపోతే వాళ్ల దగ్గర కమర్షియల్ లైసెన్స్ కొనుక్కోవాలి.

చిప్ కంపెనీ ఉచితంగా ఇచ్చే కోడ్ వాడుతున్నారా? అయితే ఒక్కో ఫైలు తెరిచి పైన ఉన్న కామెంట్ చదవండి, అందరూ స్క్రోల్ చేసేసే భాగం అదే. "మా చిప్‌ల మీద మాత్రమే" అనే షరతు చాలాసార్లు అక్కడే ఉంటుంది. చిప్‌ల కొరత టైమ్‌లో మేం వేరే కంపెనీ చిప్‌కి మారినప్పుడు, సగం కోడ్ పోర్ట్ చేశాక గానీ ఆ లైను నా కంట పడలేదు. మూడు వారాల పని బూడిదలో పోసిన పన్నీరు.

డబ్బు పెట్టి కొనే స్టాక్‌లూ ఉన్నాయి, సెగ్గర్ వాళ్ల ఎమ్‌యూఎస్‌బీలాంటివి. ప్రాబ్లం వస్తే ఫోన్ ఎత్తే మనిషి కావాలనుకుంటే కొనండి, తప్పేం లేదు. కాకపోతే కొటేషన్ అడిగేటప్పుడే లైసెన్స్ ఒక్క ప్రొడక్టుకా, చిప్ ఫ్యామిలీ మొత్తానికా, బోర్డుకింత అని రాయల్టీ ఉందా, ఏడాది దాటాక సపోర్ట్‌కి ఎంత, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకోండి.

చాలామంది లెక్కలో వేసుకోని అసలు ఖర్చు వెండర్ ఐడీ, అంటే డివైస్ ఏ కంపెనీదో కంప్యూటర్‌కి చెప్పే నంబర్. యూఎస్‌బీ ప్రమాణాలు చూసే యూఎస్‌బీ-ఐఎఫ్ సంస్థ దగ్గర దాన్ని కొనాలంటే 6,000 డాలర్లు. 5,000 బోర్డులు అమ్మేవాడికి బోర్డుకి డాలరున్నర కూడా పడదు, 200 అమ్మేవాడికి ఏకంగా 30 డాలర్లు! రాస్ప్‌బెర్రీ పై వాళ్ల ఆర్‌పీ2040 చిప్ 2021లో డాలర్‌కే వచ్చింది, అంటే చిప్ కన్నా నంబరే ఖరీదు. చిన్న బ్యాచ్ అయితే మీ చిప్ కంపెనీనే ప్రొడక్ట్ ఐడీ (ఆ కంపెనీ నంబర్ కింద ఇది ఏ ప్రొడక్టో చెప్పే రెండో నంబర్) అడగండి. మైక్రోచిప్, రాస్ప్‌బెర్రీ పై వాళ్లు తమ చిప్‌లు వాడేవాళ్లకి తమ వెండర్ ఐడీ కిందే ఉచితంగా ఇస్తారు, వాళ్ల షరతులు చదువుకోండి. ప్రాజెక్టు ఓపెన్ సోర్స్ అయితే పిడ్ డాట్ కోడ్స్ అనే సైట్ 1209 అనే వెండర్ ఐడీ కింద ఊరికే ఇస్తుంది.

ఎవరిదో నంబర్ కొట్టేసి పెట్టకండి. విండోస్ డ్రైవర్‌ని ఎంచుకునేది ఎక్కువగా ఆ రెండు నంబర్లు చూసే, అవి ఇంకో డివైస్‌తో కలిస్తే కస్టమర్ పీసీలో ఏ డ్రైవర్ ఎక్కుతుందో మీ చేతిలో ఉండదు. టైనీయూఎస్‌బీ ఉదాహరణ కోడ్‌లో వెండర్ ఐడీ చోట సీఏఎఫ్‌ఈ అని ఉంటుంది (ఈ నంబర్లని అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడే హెక్స్‌లో రాస్తారు), కేఫ్ అన్నమాట. డివైస్ తన గురించి కంప్యూటర్‌కి చెప్పుకునే వివరాలుండే డిస్క్రిప్టర్ల ఫైలు తెరిచి, బోర్డులు బయటికి పంపే ముందే అది మార్చేయండి.