తలకు దెబ్బ తగిలాక వాసన తెలుస్తోందా? ఇంట్లో ఇలా చూడండి

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద మా తమ్ముడు బండి మీది నుంచి వెనక్కి పడ్డాడు. కుట్లు వేశారు, స్కాన్‌లో ఏం లేదన్నారు, ఇంటికొచ్చాం. పది రోజుల తర్వాత పొయ్యి మీద పప్పు మాడి వాసన వాకిలి దాకా వస్తుంటే, వీడు వంటింట్లోనే స్టూల్ వేసుకుని ఫోన్ చూస్తున్నాడు. అప్పుడు అనుమానం వచ్చింది.

వాసన నరాల సన్నటి పోగులు ముక్కు పైన జల్లెడ లాంటి ఎముకలోంచి మెదడుకు వెళ్తాయి. తలకు, అందులోనూ వెనక వైపు, గట్టిగా తగిలితే మెదడు లోపల కదిలి అవి తెగిపోవచ్చు.

ఒక మాట ముందే చెప్తాను: ముక్కులోంచి నీళ్ల లాంటిది కారుతున్నా, వంగితే ఎక్కువవుతున్నా, ఈ పరీక్షలేం వద్దు, ముక్కు చీదకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వాంతులు, మగత ఉన్నా అంతే.

కాఫీ పొడి, లవంగాలు, నిమ్మ తొక్క, ఒంటి సబ్బు తలా ఒక చిన్న డబ్బాలో వేయండి, ఒక డబ్బా ఖాళీగా ఉంచండి. మనిషి కళ్లు మూసుకుని, ఒకవైపు ముక్కు వేలితో మూసి, రెండోవైపుతో పీల్చాలి. రెండు వైపులూ విడిగా చూడాల్సిందే, ఎందుకంటే ఒకవైపే పోయినవాళ్లకు ఆ సంగతే తెలియదు. ముందు "ఏమన్నా వస్తోందా?" అని, తర్వాతే "ఏంటది?" అని అడగండి. వాసన వస్తోంది గానీ పేరు రావట్లేదంటే అదీ రాసుకోండి. ఖాళీ డబ్బాకు కూడా "ఆ, వస్తోంది" అంటే ఊహించి చెప్తున్నట్టే. జలుబు ఉంటే తగ్గాక చేయండి.

మేం చేసిన తప్పు జిందా తిలిస్మాత్ పెట్టడం. "అబ్బ, ఘాటు!" అన్నాడు, హమ్మయ్య అనుకున్నాం. ఆ ఘాటు, చల్లదనం తెలిసేది వేరే నరంతో, ముఖం స్పర్శ తెలిసే నరంతో. వాసన పూర్తిగా పోయినా అది తెలుస్తుంది. కర్పూరం, అమృతాంజన్ కూడా అంతే.

ఆ కాగితం పట్టుకుని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలు రోజుకు రెండుసార్లు, ఒక్కోటి 20 సెకన్లు, కనీసం 12 వారాలు పీల్చే సాధన ఉంది, కొందరికి పనిచేస్తుంది. ఈలోగా గ్యాస్ లీకైనా వాళ్లకు తెలియదు కాబట్టి రాత్రి రెగ్యులేటర్ కట్టేయండి, లీకేజీకి 1906 నంబర్ గోడ మీద రాయండి.

మావాడు నాలుగో నెలలో ఎడమవైపు లవంగం పట్టాడు. కుడివైపు ఇంకా ఖాళీ డబ్బాకీ దానికీ తేడా చెప్పలేడు.