రెండు మూడు రోజుల కోసం మహానగరానికి వెళ్తున్నప్పుడు సరైన చోట హోటల్ ఎంచుకోవడం ఎలా?

రెండు మూడు రోజుల కోసం ఒక మహానగరానికి వెళ్లేవారికి గది ఎంత బాగుందన్నదాని కంటే హోటల్ ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. వారం పది రోజులు ఉండేవారు రోజుకు గంటన్నర దారిలో పోయినా ఎలాగో సర్దుకోగలరు. రెండే రోజులు ఉండేవారికి ఆ గంటన్నర అంటే చూడాలనుకున్న ఒక మ్యూజియం పూర్తిగా చేజారిపోవడమే. అయినా చాలామంది గది ఫొటోలు, అల్పాహారం, ధర చూసి ముందుగా బుక్ చేసేస్తారు, ఆ తర్వాత తీరిగ్గా మ్యాపు తెరుస్తారు. ఈ వరుసను తిరగేయాలి. మొదట మ్యాపు చూడాలి, హోటళ్ల జాబితా ఆ తర్వాతే తెరవాలి.

ఇందుకు కావలసిన సరంజామా తక్కువే. పెద్ద తెర ఉన్న కంప్యూటర్, స్థలాలకు గుర్తులు పెట్టుకునే వీలున్న మ్యాపు, ఆ నగరపు మెట్రో సంస్థ స్వయంగా ప్రచురించిన రూట్ మ్యాపు, ఒక కాగితం ఉంటే చాలు. ఈ పనిని ఫోన్‌లో చేయకూడదు. చిన్న తెర మీద నగరమంతా ఒకేసారి కనిపించదు, కనిపించేలా కుదిస్తే వీధుల పేర్లు మాయమవుతాయి.

మొదటి పని: వెళ్లవలసిన చోట్లకు గుర్తులు పెట్టడం

తప్పనిసరిగా వెళ్లి తీరవలసిన చోట్లకు మాత్రమే మ్యాపు మీద గుర్తులు పెట్టండి. వీలైతే చూద్దామనుకున్నవాటిని ఇందులో కలపవద్దు. ఒక్కొక్క చోటికి పొద్దున వెళ్తారో, రాత్రి వెళ్తారో కాగితం మీద రాసుకోండి. నగరంలోకి ఏ విమానాశ్రయం లేదా ఏ రైల్వే స్టేషన్ ద్వారా వస్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి బయలుదేరాలో కూడా పక్కనే రాయండి. విమానాశ్రయం పేరులో నగరం పేరు ఉన్నంత మాత్రాన అది నగరంలో ఉన్నట్టు కాదు. టోక్యోకు హనేడా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే నరిటా 60 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పారిస్ పేరుతో టికెట్లు అమ్మే బోవే విమానాశ్రయం ఆ నగరానికి 80 కిలోమీటర్ల అవతల ఉంది.

రెండవ పని: ‘నగర కేంద్రం’ అన్న మాటను పక్కన పెట్టడం

బుకింగ్ సైట్లలో ప్రతి హోటల్ కింద ‘కేంద్రానికి ఇన్ని కిలోమీటర్లు’ అని కనిపిస్తుంది. ఆ కేంద్రం ఎవరో నిర్ణయించిన బిందువు, మీరు వెళ్లవలసిన చోటు కాదు. లండన్‌కు దూరాలను సంప్రదాయంగా చేరింగ్ క్రాస్ నుంచి, పారిస్‌కు నోత్రదామ్ ముంగిట ఉన్న గుర్తు నుంచి కొలుస్తారు. మీ పనులన్నీ ఆ నగరపు తూర్పు భాగంలో ఉన్నప్పుడు ఆ కొలతలు మీకు ఏ విధంగానూ ఉపయోగపడవు. పైగా అక్కడ కనిపించేది చాలా సందర్భాల్లో ఆకాశమార్గాన కొలిచిన దూరం. మధ్యలో నది, రైలు పట్టాలు, వేగంగా వాహనాలు వెళ్లే రహదారి ఉంటే రెండు కిలోమీటర్లు ఐదు కావచ్చు. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధికి అటు ఒడ్డున ఉన్న హోటల్ అంకెల్లో దగ్గరగానే కనిపిస్తుంది, కానీ ఇటు ఒడ్డుకు రావాలంటే ప్రతిసారీ ఫెర్రీనో, సముద్రం కింద వెళ్లే మర్మరాయ్ రైలునో, వంతెన దాటే బస్సునో పట్టుకోవాలి. మీరు పెట్టిన గుర్తులు ఎక్కడ గుంపుగా ఉన్నాయో అదే మీ కేంద్రం. రెండు గుంపులు కనిపిస్తే, రాత్రిపూట ఉండవలసిన గుంపుకే ప్రాధాన్యం ఇవ్వండి. పగటి ప్రయాణంలో ఆలస్యమైతే సర్దుకోవచ్చు, అర్ధరాత్రి ప్రయాణంలో సర్దుకోవడం కష్టం.

మూడవ పని: హోటల్‌ను కాక స్టేషన్‌ను ఎంచుకోవడం

అందరూ తొందరపడి పాడుచేసేది ఈ దశనే. మిగతావన్నీ కలిపి అరగంటలో ముగించినా, దీనికి మాత్రం ఒక సాయంత్రం కేటాయించాలి.

ముందుగా మీ గుర్తుల గుంపుకు నేరుగా వెళ్లే మెట్రో లైన్లు ఏవో చూసి, వాటి మీద రెండు లైన్లు కలిసే స్టేషన్లను మూడింటిని ఎంచుకోండి. ఒకే లైన్ ఉన్న స్టేషన్‌ను తీసుకోకూడదు. ఆ ఒక్క లైన్ మరమ్మతుల కోసం ఆదివారం ఆగిపోతే మీ రోజు అక్కడితో ఆగిపోతుంది. ముఖ్యమైన చోటికి ఒక్కసారికి మించి రైలు మారే పరిస్థితి ఉండకూడదు, సామాను వెంట ఉండే రాకపోకల్లో అసలు మారకుండా ఉంటే మంచిది.

ఇక్కడొక పెద్ద భ్రమ ఉంది. మెట్రో రూట్ మ్యాపు నగరపు మ్యాపు కాదు. హ్యారీ బెక్ గీసిన లండన్ మెట్రో మ్యాపు 1933లో ప్రజల చేతికి వచ్చినప్పటి నుంచి ప్రపంచంలోని చాలా మెట్రోలు అదే పద్ధతిలో నిజమైన దూరాలను వదిలేసి, చదవడానికి తేలికగా గీతలను సరిచేసి చూపిస్తున్నాయి. రైలు ఎక్కడానికి అది చక్కని సాధనం, చోటు ఎంచుకోవడానికి మాత్రం పనికిరాదు. లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం 260 మీటర్లే, అయినా రూట్ మ్యాపు మీద మిగతా స్టేషన్ల లాగే అదీ ఒక అంగ. అదే మ్యాపు నగరం అంచున ఉన్న స్టేషన్లను దగ్గరికి లాగి చూపిస్తుంది కాబట్టి, నాలుగు స్టేషన్లే కదా అని తీసుకున్న హోటల్ నిజానికి పొలిమేరలో ఉంటుంది. ఎంచుకున్న ప్రతి స్టేషన్‌ను అసలు మ్యాపులో వెతికి చూడండి.

వలయాకారపు లైన్ ఉన్న నగరాల్లో ఆ వలయం మీద గానీ, దాని లోపల గానీ ఉండాలన్నది నా నియమం. కానీ వలయం మీద ఉండడమే చాలదు. టోక్యోలో యమనోతే లైన్ పొడవు 34.5 కిలోమీటర్లు, ఒక చుట్టు తిరగడానికి సుమారు గంట పడుతుంది. అంటే మీ పనులు ఒక వైపున, హోటల్ సరిగ్గా ఎదుటి వైపున ఉంటే ప్రతిసారీ అరగంట రైలులోనే గడుస్తుంది.

రైలు మారడానికి పట్టే సమయం కూడా రూట్ మ్యాపులో కనిపించదు. రెండు లైన్లు ఒకే చుక్క దగ్గర కలిసినట్టు గీసినా, నేల కింద వాటి మధ్య పొడవైన సొరంగపు దారులు ఉండవచ్చు. టోక్యో స్టేషన్‌లో కేయియో లైన్ ప్లాట్‌ఫారాలకు మిగతా లైన్ల నుంచి నడవడానికే దాదాపు 10 నిమిషాలు పడుతుంది. పెద్ద స్టేషన్ అంటే ఎక్కువ సౌకర్యం అనుకోకూడదు. టోక్యోలోని షింజుకు స్టేషన్‌కు 200కు పైగా బయటి దారులు ఉన్నాయి, తప్పు దారిలో బయటపడితే హోటల్ స్టేషన్‌కు ఆనుకునే ఉన్నా పావుగంట తిరగవలసి వస్తుంది. రెండు లైన్లు మాత్రమే కలిసే మధ్యరకం స్టేషనే అన్నిటికంటే మేలు.

ఆ తర్వాత ఆ స్టేషన్ల నుంచి మీ గుర్తులకు ప్రయాణ సమయాలు చూడాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, మ్యాపు ‘ఇప్పుడు బయలుదేరితే’ అని చూపించిన సమయాన్నే నమ్మడం. మీరు ఇంట్లో కూర్చుని చూసే ఆ ఘడియలో ఆ నగరంలో తెల్లవారుజాము మూడు గంటలు కావచ్చు. మీరు అక్కడ ఉండబోయే రోజునే, ఆ నగరపు గడియారం ప్రకారం, మూడు వేళల్లో చూడండి: పనిదినం ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదకొండున్నరకు. మూడోదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది, కానీ చాలా నగరాల్లో అలా కాదు. టోక్యోలో అర్ధరాత్రి దాటాక కాసేపటికే రైళ్లు ఆగిపోతాయి. లండన్‌లో రాత్రంతా నడిచే రైళ్లు 2016లో మొదలైనా, అవి కొన్ని లైన్ల మీద, శుక్ర, శనివారాల రాత్రుల్లో మాత్రమే నడుస్తాయి. కచేరీ ముగిసేసరికి చివరి రైలు వెళ్లిపోయే చోట ఉన్న హోటల్ ఎంత మంచిదైనా మీకు తగినది కాదు.

చివరగా స్టేషన్ నుంచి హోటల్ వరకు నడక. 500 మీటర్లకు మించకూడదు. హోటళ్లు తమ పేజీలో రాసుకునే ‘5 నిమిషాల నడక’ను ప్రమాణంగా తీసుకోకండి. జపాన్‌లో ఇళ్ల ప్రకటనలకు నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్క కట్టాలన్న నియమం ఉంది. అంత కచ్చితమైన లెక్కలో కూడా ఎత్తుపల్లాలు, సిగ్నళ్ల దగ్గర ఆగే సమయం కలపరు. పెట్టె లాక్కుంటూ వెళ్లే మనిషి ఆ వేగంతో నడవలేడు. కాబట్టి వీధి చిత్రాలు చూపే మ్యాపులో స్టేషన్ బయటి దారి దగ్గర మొదలుపెట్టి, హోటల్ గుమ్మం వరకు అడుగడుగునా చూసుకుంటూ వెళ్లండి. కాలిబాట ఉందా, అది మధ్యలో ఆగిపోయిందా, నాలుగు వరుసల రోడ్డును దాటడానికి జీబ్రా గీతలు ఉన్నాయా లేక రోడ్డు కింది దారి మెట్లు దిగి ఎక్కాలా, పరిచిన రాళ్లు పెట్టె చక్రాలకు అడ్డం పడేంత ఎగుడుదిగుడుగా ఉన్నాయా అన్నది ఆ చిత్రాల్లో స్పష్టంగా తెలుస్తుంది. వీధి మొదట్లో షట్టర్లు దించిన గోదాములే తప్ప కిటికీలు ఉన్న ఇళ్లు లేవంటే, రాత్రి పదకొండు గంటలకు అక్కడ మనిషి అలికిడి ఉండదని అర్థం. చిత్రం ఏ సంవత్సరంలో తీసిందో కూడా గమనించండి. దాని తర్వాత అక్కడ తవ్వకాలు మొదలై ఉండవచ్చు.

పెద్దవారు, పసిపిల్లలు వెంట ఉంటే లిఫ్టు సంగతి ముందే తేల్చుకోవాలి. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో సుమారు మూడో వంతు వాటిలోనే మెట్లు లేకుండా వీధిలోకి రాగలం. పారిస్‌లో 1998లో మొదలైన 14వ నంబర్ లైన్‌ను మినహాయిస్తే పాత లైన్లలో చాలా స్టేషన్లు మెట్ల మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ వివరం ఆ మెట్రో సంస్థ మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తుతో ఉంటుంది.

దూరంగా చవకైన హోటల్ తీసుకుని టాక్సీల్లో తిరిగితే సరిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. రోజుకు నాలుగు సార్లు టాక్సీ ఎక్కితే గదిలో మిగిల్చినదానికి మించి ఖర్చు తడిసి మోపెడవుతుంది, పైగా సాయంత్రం ఆరింటికి మహానగరపు రోడ్ల మీద టాక్సీ కూడా కదలదు. ఇంకొందరు ప్రధాన రైల్వే స్టేషన్ ఎదురుగానే దిగాలంటారు. అది తెల్లవారుజామున రైలు ఉన్నవారికి మాత్రమే తగిన సలహా. మిగతావారికి అక్కడ దక్కేది రాత్రంతా వాహనాల రొద, చిన్న గదికి పెద్ద ధర. అక్కడి నుంచి రెండు స్టేషన్ల దూరం జరిగితే అదే ధరకు ప్రశాంతంగా నిద్రపోవచ్చు. ప్రసిద్ధ కట్టడానికి ఎదురుగా ఉండే హోటల్ కూడా అంతే. కిటికీలోంచి అది కనిపించడం ఆనందమే, కానీ రెండు రోజుల ప్రయాణంలో మీరు ఆ కిటికీ దగ్గర కూర్చునేది ఎంతసేపు?

నాలుగవ పని: హోటల్‌ను తేల్చడం

ఎంచుకున్న స్టేషన్ చుట్టూ 500 మీటర్ల వలయం ఊహించుకుని, అందులోని హోటళ్లను మాత్రమే చూడండి. ఇప్పుడు ధర, గది, శుభ్రత చూసుకోవచ్చు. సమీక్షల్లో నక్షత్రాల సంఖ్యను వదిలేసి శబ్దం, రైలు, స్టేషన్, రాత్రి, సామాను అన్న మాటలతో వెతకండి. గది చిన్నదన్న ఫిర్యాదును పట్టించుకోనక్కరలేదు. వెళ్లే రోజున గది ఖాళీ చేశాక సాయంత్రం వరకు సామాను ఉంచుకుంటారో లేదో మాత్రం హోటల్‌ను అడిగి తెలుసుకోండి, లేకపోతే ఆ చివరి పూట వృథా అవుతుంది.

ఐదవ పని: బుక్ చేయడం

ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి. డబ్బు కట్టేముందు హోటల్ పేరుతో కాక వీధి చిరునామాతో మ్యాపులో మరోసారి వెతకండి, ఎందుకంటే ఒకే సంస్థకు ఒకే నగరంలో దాదాపు ఒకే పేరుతో నాలుగైదు హోటళ్లు ఉంటాయి. బుక్ అయ్యాక స్టేషన్ పేరు, బయటికి వచ్చే దారి నంబర్, చివరి రైలు వేళ, స్థానిక లిపిలో హోటల్ చిరునామా అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని పాస్‌పోర్టు లేదా గుర్తింపు కార్డుతో పాటు ఉంచుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా టాక్సీ డ్రైవర్‌కు ఆ చిరునామా చూపించవచ్చు.